కటక్ టికెట్టు కొన్న కీబోర్డు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి నూకలు చెల్లాయి కదా, అప్పట్నుంచి మా అరసవల్లిలో నాకు పరామర్శలు ఎక్కువయ్యాయి. "ఇంకా పాతదేనా?" అని అడిగే గొంతులో, ఐసీయూ బయట నిలబడి పలకరించినంత జాలి. కొత్త విండోస్ అడిగే టీపీఎం 2.0 చిప్పు లేని కంప్యూటర్ ఇంట్లో ఉంటే వెలేసినంత పని చేస్తున్నారు.

సరే, కొత్త కంప్యూటర్ కొన్నాను. టిఫిన్ డబ్బా అంత ఉంది. నా టీవీఎస్ గోల్డ్ కీబోర్డు తీగ పట్టుకుని ఆ డబ్బా వెనక గుండ్రటి కన్నం కోసం వెతికాను. ఐబీఎం వాళ్లు 1987లో తెచ్చిన పీఎస్/2 కన్నం. లేదు. అన్నీ యూఎస్‌బీలే.

ఏడురోడ్ల జంక్షన్లో ఓ దుకాణం కుర్రాడు తీగ కొస చూసి, "ఏటి మాస్టారూ, ఇది ఇంకా బతికే ఉందా?" అన్నాడు. వంకాయ రంగు అడాప్టర్ ఒకటి చేతిలో పెట్టి, "ఎట్టేసుకోండి, పనైపోద్ది" అని భరోసా ఇచ్చాడు.

పెట్టాను. కీబోర్డు మీద మూడు లైట్లూ ఒక్కసారి మిణుక్కుమన్నాయి. అంతే. ఎన్ని మీటలు నొక్కినా టకటకా చప్పుడే తప్ప తెర మీద చుక్క కూడా పడలేదు.

ఆ కుర్రాడికి ఫోన్ చేశాను. రీస్టార్ట్ చెయ్యమన్నాడు. చేశాను. కన్నం మార్చమన్నాడు. మార్చాను. చివరికి బ్రహ్మాస్త్రం తీశాడు: "పాస్‌వర్డ్ కొట్టి లోపలికెళ్లి డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసుకోండి." దేంతో కొట్టమంటావు నాయనా, అట్లకాడతోనా? అటువైపు కాసేపు మౌనం. ఆ తర్వాత తీర్పు: "అయితే కీబోర్డే పోయింది మాస్టారూ. ఎయిర్‌లెస్సు..." నాలిక కరుచుకుని "వైర్‌లెస్సు తీసుకోండి" అన్నాడు.

పోలేదు. లైట్లు మిణుక్కుమన్నాయంటే కరెంటు అందిందన్నమాట. అందనిది మాట. ఆ వంకాయ రంగు బుడిపెలో ఉన్నవి ఉత్త తీగలు. పీఎస్/2, యూఎస్‌బీ రెండు భాషలూ ముందే వచ్చిన కీబోర్డులకే అది పనికొస్తుంది. ఒడియా రానివాడికి కటక్ టికెట్టు కొనిచ్చినట్టు. రైలైతే ఎక్కుతాడు, దిగాక ఎవరితో ఏం మాట్లాడతాడు? మధ్యలో దుబాసీ ఉండాలి. అంటే, లోపల చిప్పు ఉన్న కన్వర్టర్.

ఇంత చిన్న సంగతి తెలియకుండా అమ్మడం ఒక తప్పు. అమ్మాక, పనిచేసే వస్తువుకి చావు కబురు చెప్పడం అంతకంటే పెద్ద తప్పు. నాకు నవ్వు రావడం లేదు. ఇలాంటి తీర్పులు విని, వేలికి అలవాటైన మీటలను పాత ఇనుముకి తూకం వేసేసిన డీటీపీ వాళ్లని చూశాను.

పాతదైతే పోయినట్టేనా? ఏడో శతాబ్దంలో కట్టారంటున్న మా సూర్యనారాయణస్వామి గుడిలో, ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ కిరణాలు నేరుగా వచ్చి స్వామి పాదాలు తాకుతున్నాయి. ఇంతవరకూ ఏ సూర్యుడూ అడాప్టర్ అడగలేదు.

ఈ ముక్కలన్నీ ఆ "పోయిన" కీబోర్డు మీదే కొట్టాను, చిప్పున్న కన్వర్టర్ తగిలించి. మీ అటక మీదా ఒకటి ఉంటే పారెయ్యకండి. దుకాణంలో మాత్రం "లోపల చిప్పు ఉందా?" అని అడిగి మరీ కొనండి. "చిప్సు పక్క షాపులో దొరుకుతాయండి" అన్నాడో, తిన్నగా ఇంకో దుకాణానికి నడవండి.