ర్యామయ్య మామ

మార్కాపురంలో మా మామను అసలు పేరుతో అడిగితే పోస్ట్‌మ్యాన్ కూడా కాసేపు ఆలోచిస్తాడు. ర్యామయ్య మాస్టారి ఇల్లెక్కడంటే మాత్రం బస్టాండులో సోడా బండి అబ్బాయి సీసా కొడుతూనే రెండో చేత్తో దారి చూపిస్తాడు. పేరు చూసి రాముడి భక్తుడనుకునేరు. ఊళ్లో అందరిలాగే ఆయనకూ చెన్నకేశవస్వామే దేవుడు. ఆ ‘ర్యా’ వత్తు ఎట్టా వచ్చిందో చెప్పాలంటే 2014కు పోవాలి.

ఆ ఏడు కూతురు బీటెక్‌లో చేరిందని ల్యాప్‌టాప్ కొన్నాడు. నాలుగో తరం ఐత్రీ ప్రాసెసరు, నాలుగు జీబీల ర్యాము, ఐదొందల జీబీల హార్డ్ డిస్కు, పక్కన సీడీ పెట్టుకునే సొరుగు. నాలుగేళ్లకు అమ్మాయి చదువైంది, ఉద్యోగమొచ్చింది, పెళ్లై డల్లాస్ పోయింది. ల్యాప్‌టాప్ మటుకు పుట్టింట్లోనే ఉండిపోయింది. అప్పటికే దాని పరిస్థితి ఏమిటంటే, స్విచ్ నొక్కాక తెర మీద బొమ్మ పడేలోగా అత్త పాలు కాచి, టీ పెట్టి, తాగిన గ్లాసులు కడిగి బోర్లించేది.

సరిగ్గా అప్పుడే మామ అరవై నిండి రిటైరయ్యాడు. దాన్ని చంకన పెట్టుకుని రిపేరు షాపుకు పోతే అక్కడి కుర్రాడు మూత కూడా తెరవకుండా, “పాతదైపోయింది మాస్టారూ, కొత్తది తీసుకోండి” అన్నాడట. మామ ఆ మాటను తన మీదికే తీసుకున్నాడు. “అరవై నిండాయని నన్ను ఇంటికి పంపిచ్చారు. నాలుగేళ్లకే దీన్ని గూడానా?” అని అక్కణ్ణించి లేచొచ్చేశాడు.

ఇలాంటి మనిషి ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు. చొక్కా చిరిగితే చేతిసంచి అవుతుంది, సంచి చిరిగితే మసిగుడ్డ అవుతుంది, ఆ మసిగుడ్డ పోగులు కూడా ఎక్కడో వత్తులవుతాయి. మా మార్కాపురం ప్రాంతంలో ఈ జాతి కాస్త ఎక్కువ. దానికి నీళ్ల కరువే కారణమని నా అనుమానం. బిందె కారితే మాటు వేయించుకుంటాంగానీ పారేసే ఊళ్లు కావు మావి. వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది 1996లో. కృష్ణ నీళ్లు నల్లమల కింద సొరంగంలోంచి వస్తాయని చూస్తూ చూస్తూ మామ తరం మొత్తం పెన్షన్‌కొచ్చింది. అంత ఎదురుచూపు అలవాటైన వాళ్లకు విండోస్ నాలుగు నిమిషాలకు లేస్తే అదొక ఆలస్యమా? అయినా మామ పూనుకున్నాడు.

మొదట వేసింది ర్యామే. ఉన్న నాలుగుకు ఇంకో నాలుగు. ఆ వారమంతా పాలు పోసేవాడి దగ్గర్నుంచి గుడి పూజారి దాకా అందరికీ పాఠం చెప్పాడు. “హార్డ్ డిస్కంటే గాదె. ర్యామంటే కళ్లం. గాదెలో ఎన్ని బస్తాలన్నా ఉండనీ, కళ్లం ఇరుగ్గా ఉంటే నూర్పిడి సాగుద్దా?” ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన నోరు, ఊరికే ఉంటుందా. పేరు అప్పుడు పడింది.

రెండోది ఎస్ఎస్‌డీ. మొహమాటం లేకుండా చెబుతున్నా, ఆయన చేసిన పనులన్నిట్లో అసలు పని ఇదొక్కటే. పాత డిస్కులో పళ్లెం నిమిషానికి 5,400 చుట్లు తిరగాలి, దాని మీద ఒక సన్నటి చేయి పరుగులు తీస్తూ కావలసింది వెతకాలి. ఎస్ఎస్‌డీలో తిరిగేదీ లేదు, పరుగెత్తేదీ లేదు, అంతా చిప్పుల్లోనే. ఆ ఉదయం స్విచ్ నొక్కితే ఇరవై సెకన్లలో లేచి కూర్చుంది. మామ “లేచిందే! లేచిందే!” అని అరిస్తే, ఎవరికో స్పృహ వచ్చిందనుకుని పక్కింటావిడ పరుగున వచ్చింది. ఆ హడావుడిలో అత్త పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. ఆ పాల ఖర్చు కూడా ఆవిడ లెక్కలోకెక్కింది. ఆ లెక్క సంగతి తర్వాత.

మిగిలిన పాత డిస్కును పారేస్తాడా? సీడీ సొరుగు తీసేసి, ఆ ఖాళీలో దాన్ని కూర్చోబెట్టే క్యాడీ అనే చట్రం ఉంటుందని ఎక్కడో విన్నాడు. అది తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల మందంలో ఒకటి, పన్నెండు చిల్లర మందంలో ఒకటి దొరుకుతుంది. ఏది కావాలో తేల్చుకోలేక సీడీ సొరుగును ఊడదీసి టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నెలో పెట్టుకుని, పై గిన్నెలో పులిహోర కట్టించుకుని, దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాటెక్కి, నల్లమల దాటి సికింద్రాబాదు పోయాడు. చెనాయ్ ట్రేడ్ సెంటర్లో కంప్యూటర్ సామాన్ల షాపుల ముందు క్యారియర్ విప్పి, పెళ్లికూతురికి గాజుల కొలత తీసినట్టు ఒక్కో క్యాడీని పక్కన పెట్టి చూశాడట. నాలుగొందల చట్రానికి రానుపోను బస్సు ఛార్జీలు మూడింతలయ్యాయి. “శ్రీశైలం మల్లన్న దర్శనం గూడా అయింది గదా” అని ఆ ఖర్చును దేవుడి పద్దులోకి తోసేశాడు.

రెండేళ్ల కిందట మడత దగ్గర కీలు విరిగి తెర వెనక్కి వాలిపోయింది. మార్కాపురంలో పుట్టినవాడికి దీనికి మందు వెతుక్కోవాలా? దేశానికి పలకలందించిన ఊరు మాది. ఇప్పుడు పలక అడిగే పిల్లలు తగ్గి, ఆ రాయే గోడలకూ నేలకూ టైల్సుగా పోతోంది. మామ తెర వెనక ఒక బడి పలక ఆనించాడు, అడుగున ఒక రాతి టైలు పరిచాడు. ఎండాకాలం మా ఊళ్లో కొళాయిలోంచే మరిగిన నీళ్లొస్తాయి, ల్యాప్‌టాప్ ఏం తట్టుకుంటుంది? రాయి కాస్త చల్లగా ఉంటుందని ఆయన నమ్మకం. రాయి సంగతేమోగానీ అసలు మేలు చేసింది ఫ్యాను శుభ్రం చేయడం. విప్పి చూస్తే లోపల ఊదారంగు దుమ్ము అట్టకట్టి ఉంది. పాత టూత్ బ్రష్షుతో దులిపి, ప్రాసెసరు మీద ఎండిపోయిన పేస్టు గీకి కొత్తది రాశాక దాని రొప్పు తగ్గింది. “పలకల దుమ్మురా అబ్బయ్యా. మా నాయన రొమ్ములోనూ ఇదే ఉండింది” అన్నాడు మామ, స్క్రూ బిగిస్తూ.

కూతురు ఏటా కొత్తది కొనిస్తానంటుంది. ఈయన ఏటా వద్దంటాడు. పోయిన దసరాకు పోరు పడలేక, “అంతగా పంపాలనుంటే ఎనిమిది జీబీల ర్యాము పంపు” అన్నాడు. ఎవరో వస్తుంటే పంపింది. ఇల్లంతా పండగ. తీరా చూస్తే అది డీడీఆర్ ఫోర్, మామది త్రీ. గాటు ఒకచోట ఉండాల్సింది ఇంకోచోట ఉంది, కాళ్లు 204 ఉండాల్సింది 260 ఉన్నాయి. అల్లుడి చెప్పు మామ కాలికి పట్టలేదు. దాన్ని పర్సులో పెట్టుకు తిరుగుతున్నాడు, ఏనాటికైనా సరిపోయే మిషను ఎదురుపడకపోతుందా అని.

ఇంతకీ ఆ ల్యాప్‌టాప్‌తో ఏం చేస్తాడంటారా? సగం ఊరి పని దాని మీదే నడుస్తుంది. రైతులకు మీభూమి వెబ్‌సైటులో అడంగల్ తీసిస్తాడు. తోటి పెన్షనర్లకు, తాము బతికే ఉన్నామని వేలిముద్రతో చెప్పుకునే జీవన్ ప్రమాణ్ పత్రం చేసిపెడతాడు. ఆ పద్ధతి మొదలైంది కూడా 2014లోనే, ఈ ల్యాప్‌టాప్ కూడా ఆ ఏటిదే. అందుకే 2025 అక్టోబరు 14తో విండోస్ టెన్‌కు నూకలు చెల్లాయని, లెవెన్ ఎక్కాలంటే ప్రాసెసరు కనీసం ఎనిమిదో తరానిదై ఉండాలని తెలిసినప్పుడు మామ భగ్గుమన్నాడు. “మనిషికేమో ఏడాదికోసారి బతికున్నావా అని అడుగుతారు. దీన్ని అడక్కుండానే చచ్చిందంటారేంది?” అని ఆ ఆదివారమే పెన్‌డ్రైవ్ పెట్టి లినక్స్ మింట్ ఎక్కించాడు. ఫార్మాట్ చేస్తుంటే నాకు గుండెలో రాయి పడింది. ఆయన మటుకు, “కోవాకు పెట్టి పలక తుడవటమేగా. తుడవకపోతే ఆ తరవాతి అక్షరం యాడ రాస్తావు?” అన్నాడు. వేలిముద్రల పని కోసం మాత్రం విండోసును ఆ క్యాడీ డిస్కులో ఒక మూల దాచాడు. పట్టుదల వేరు, పెన్షన్ వేరు.

బ్యాటరీ ఉబ్బితే తీసేశాడు కాబట్టి అది గోడ ప్లగ్గుకు మూరెడు దూరం దాటదు. ఒళ్లో పెట్టుకునేదని పేరు, కట్టుగొయ్యకు కట్టేసిన గేదె తీరు. కీబోర్డులో మూడు మీటలు రాలిపోతే ఇంకో కీబోర్డు తగిలించాడు. ప్రాసెసరు బోర్డుకే అతికి ఉంటుంది కాబట్టి దాని జోలికి పోలేదు. దారి దొరికితే ఊరుకునేవాడు కాదు.

ఇక అత్త లెక్క. క్యాలెండరు వెనక రాసుకుంది: ర్యాము, ఎస్ఎస్‌డీ, చట్రం, పేస్టు, కీబోర్డు, బస్సు ఛార్జీలు, పొంగిన పాలు. మొత్తం పద్నాలుగు వేల ఎనిమిదొందల యాభై. “ఇంకో పదివేలేస్తే కొత్తదొచ్చేది” అని నా ముందే కడిగేసింది. మామ నేను అప్పుడే కొన్న సన్నటి ల్యాప్‌టాప్‌ను అందుకుని, కొనబోయే గొర్రె పళ్లు చూసినట్టు వెల్లకిలా తిప్పి చూశాడు. “దీనికి ర్యాము యాడ వేస్తారు?” అన్నాడు. వేయడానికి లేదు, బోర్డుకే అతికించేశారని చెప్పాను. దాన్ని జాలిగా నిమిరి నా చేతిలో పెట్టాడు. “పిల్లను జాగ్రత్తగా చూసుకో అల్లుడూ. దీనికి జబ్బు చేస్తే వైద్యం లేదు.”

నాకు జవాబు దొరకలేదు. అత్తకూ దొరకలేదు, కానీ ఆవిడ లెక్క మాత్రం కొట్టేయలేదు.

పాఠకులకు ఒక మనవి. మీ ఇంట్లో మూలపడ్డ ల్యాప్‌టాప్‌లో ఎనిమిది జీబీల డీడీఆర్ త్రీ ఎల్ ర్యాము ఉంటే పారేయకండి. ‘త్రీ’ పక్కన ‘ఎల్’ ఉందో లేదో మాత్రం చూడండి. 1.35 వోల్టులది కావాలి, ఒకటిన్నరది పనికిరాదు. మార్కాపురం బస్టాండులో దిగి సోడా బండి దగ్గర అడగండి. బదులుగా మామ ఒక డీడీఆర్ ఫోర్ ఇస్తాడు, సరికొత్తది, ఒక్కసారి కూడా వాడలేదు.