కుక్క ఉన్నది జాగ్రత్త: సటీకా తాత్పర్యము

మూలము: కుక్క ఉన్నది జాగ్రత్త.

అవతారిక: కరీంనగరమందలి ఒకానొక కాలనీలో, ఇనుప గేటు మీద, కోరలు చూపు జర్మన్ షెపర్డ్ బొమ్మ క్రింద, ఎర్ర రంగుతో వెలసిన సూత్రమిది. లోన ఉన్నది లాబ్రడార్, నామధేయము టైగర్. బొమ్మ ఒకటి, కుక్క ఒకటి, పేరు వేరొకటి అగుట కవిసమయము. ప్రతిపదార్థము సుగమము. చెత్తబండి పిల్లవానికి సైతము తెలిసినదే కావున విడిచితిమి.

విశేషము: దీనిని వీరరసమని లోకము భ్రమించుచున్నది. కాదు, విప్రలంభము. ఉదయము తొమ్మిదిన్నరకు తాళము పడిన పిదప లోపలినుండి లేచు ధ్వని కాపలా మొరుగు కాదు, ఏడుపు.

విప్రలంభమనగానే మల్లినాథసూరిని తలపకుండుట మహాపాపము. నేటి మెదక్ జిల్లా కొల్చారమువాడు, మనవాడు. మేఘసందేశమునకు ఆయన సంజీవని వ్రాయకపోయినచో మనలో సగముమందికి యక్షుని దుఃఖము అర్థమే కాకుండెడిది. ఆ యక్షుడు శాపము అనుభవించిన రామగిరి నాగపూర్ దగ్గరి రాంటెక్ అని పండితులందురు. మంథని దారిలో సాక్షాత్తు రామగిరి ఖిల్లా నిలబడియుండగా మహారాష్ట్ర దాకా పోవలసిన అగత్యమేమి? పేరు కుదిరినది, కొండ ఉన్నది, ఆషాఢమున మబ్బు పట్టుచున్నది. ప్రమాణములు ఇంకేమి కావలెను? సింగరేణి ఓపెన్‌కాస్టు దుమ్మును చూచి నేటి యక్షుడు మేఘమని భ్రమపడునా అనునది వేరొక చర్చ. దానిమీద మాకు నిశ్చితాభిప్రాయము ఉన్నది గాని గ్రంథవిస్తరభీతిచే...

కుక్క సంగతి గదా.

యక్షునికి శాపము ఏడాది. ఇంక నాలుగు నెలలే మిగిలినవని భార్యకు కబురంపగలిగెను. టైగర్‌కు గడువు చెప్పినవాడు లేడు. గేటు పడినదన్న ఒక్క సంగతే దానికి తెలియును. సాయంత్రము ఆరింటికి తెరచుకొనునని తెలియదు. అందుచేతనే ఆలంకారికులు చెప్పిన విరహావస్థలు నాయికకు నెలలు పట్టగా, కుక్కకు తరచుగా మొదటి అరగంటలోనే ముట్టడించును. అరతి: పెట్టిపోయిన బిస్కట్లు పెట్టినట్లే ఉండును. లజ్జాత్యాగము: బయటికి పోయి మాత్రమే మూత్రము విడుచు అలవాటున్నది పోర్చిలోనే కానిచ్చును. ఉన్మాదము: ఆ ఇంటి టేకు తలుపు క్రింది మూర పొడవున వార్నిష్ లేదు, పేళ్లు లేచినవి, గడప దగ్గర బండలు చొంగతో జిగటలు, కుడి ముందరికాలి గోరు ఒకటి సగమే ఉన్నది.

శంక: “పగతోని కావాలనే చేస్తది, చెప్పు తీస్తనే బుద్ధి వస్తది” అని గృహస్థుని మతము. ఆయన రాగానే చెవులు వేలవేసి మూలకు నక్కుట నేరాంగీకారమట. సమాధానము: 2009లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అను పరిశోధకురాలు దీనిని పరీక్షించెను. ఆ ముఖము తప్పు చేసినందుకు కాదు, యజమాని గద్దించినందుకే వచ్చుచున్నదని తేలినది. వద్దన్న తిండిని ముట్టని కుక్కయు గద్దించిన అట్లే ముడుచుకొనెను. మహాభారతము మొదటనే యాగశాలలో ఏ తప్పు చేయని సారమేయుని జనమేజయుని తమ్ములు కొట్టిరి. తల్లి సరమ వచ్చి రాజును నిలదీసి మరీ శపించెను. టైగర్‌కు తల్లి ఏ కుక్కల వ్యాపారి దగ్గర ఉన్నదో!

ప్రక్షిప్తము: మూలము క్రింద ఈ మధ్య “సీసీ కెమెరా ఉన్నది” అని చేరినది. గృహస్థు ఆఫీసులో ఫోను తెరచి, కెమెరా స్పీకరు గుండ “ఏయ్ టైగర్, చుప్!” అనును. మనిషి లేని గొంతు విని అది గొలుసు అందినంతమేర పోర్చి వెతికి, మరల తలుపు మీద పడును. మేఘుని చేత తిట్లు పంపిన యక్షుడు ఇంతవరకు సాహిత్యమున లేడు.

తాత్పర్యము: సారూ, గ్రాంథికం ఇడిసిపెడుతున్న. మీ కొడుకు లాక్‌డౌన్ల ముచ్చటపడి కొన్నడు. అప్పుడు ఇల్లంత మనుషులే, దినమంత దానితోనే. ఇప్పుడు ఆయన డాలస్‌ల, మీరిద్దరు డ్యూటీల, అది గొలుసుకు. నలభై నాలుగు డిగ్రీల ఎండల పోర్చి కింద పెట్టి “అలవాటయితది” అంటరు. అట్ల కాదు, ఇంకింత ముదురుతది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ల, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తిప్పకపోవుడు సుత నేరమే. మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఆ పైసలకు గొలుసు సుత రాదు గనుక చట్టానికి మీరు భయపడరని నాకు ఎరుకే.

తాళపుచెవులు గలగలమంటెనే దానికి వణుకు పుడుతున్నది. వాటిని జేబుల ఏసుకొని ఎటూ పోకుండ టీవీ ముందట కూసోండి. చెప్పులు తొడుక్కొని గేటు దాకా పోయి, అది ఏడువకముందే తిరిగి రండి. అది నిమ్మలంగ ఉంటే ఇంకింత సేపు; బెదిరితే మళ్ల తక్కువ. పొయ్యేటప్పుడు ముద్దులొద్దు, వచ్చినంక లొల్లి వద్దు. పొద్దుగాల మంచిగ నడిపియ్యుండ్రి. జత కోసమని ఇంకో కుక్కను తేవద్దు. దానికి కావల్సింది మనిషి. అయినా తగ్గకపోతే ఆ కెమెరా వీడియోనే పశువుల డాక్టరుకు చూపెట్టుండ్రి, మందులున్నయి. నేర్పుతున్నన్ని దినాలు మాత్రం దాన్ని ఒక్కదాన్నే ఎక్కువసేపు ఇడువద్దు, చేసిందంత పోతది.

వచ్చే నెల మంచిర్యాల పెండ్లికి అందరు పోతున్నరట గదా. ఆ రెండు దినాలు టైగర్‌ను మా ఇంట్ల ఇడిసిపోండి. గొలుసు మాత్రం తేవద్దు.