అధిపతి లేని ధర

ఉగాదినాటి సాయంకాలము మా ఊరి రామాలయపు అరుగుపై సిద్ధాంతిగారు పంచాంగశ్రవణము గావించుచు, రాజెవరో మంత్రియెవరో చెప్పి, సస్యాధిపతి, ధాన్యాధిపతి, అర్ఘాధిపతుల ఫలములను వినిపించుచుండగా, గోదావరి డెల్టా రైతులము చేతులు కట్టుకొని వినుచుంటిమి. నవనాయకులలో ధరవరలకు అర్ఘాధిపతి యొకడున్నాడు గాని, ఎకరము ధరకు అధిపతి యెవ్వడో శాస్త్రకారులు సెలవీయలేదు. ఆ లోటును మా భూముల బ్రోకరు పూరించినాడు: రోడ్డువార చేను ఎకరము కోటి పలికినదని అతడు ప్రకటించినంతనే, అంతవరకు గ్రహస్థితులకు కునుకుపాట్లు పడుచున్నవారు సైతము కన్నులు విప్పార్చిరి.

కోటి యనగా నెంత? దాళ్వాలో ఎకరమునకు 75 కిలోల బస్తాలు 40 పండినవనుకొందము. అనగా 30 క్వింటాళ్లు. 2025-26కు కేంద్రము సాధారణరకమునకు నిర్ణయించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, వెరసి 71,070. సార్వా పంటను తిండికిని ఖర్చులకును విడిచి, దాళ్వా సొమ్ములో చిల్లిగవ్వ ముట్టక ఏటేట భూమి బాకీకి జమకట్టు మహానుభావునకు 141వ ఏట ఆ ఎకరము స్వంతమగును. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట ముగిసిన మరుసటేడు మొదలిడినవాడు 1993లో పట్టా చేతబట్టి యుండును. వడ్డీ మాట నేనెత్తలేదు; శుభకార్యమున అపశకునమేల?

ఆ మద్దతు ధరయైనను ఊరక దక్కునది కాదు. తేమ నూటికి 17 పాళ్లు మించరాదు. వైశాఖపుటెండలో రైతు ప్రాణమెండును గాని గింజ యెండదట! జల్లు పడినచో రంగు మారినదందురు. పడకున్న నూక హెచ్చినదందురు. భూమికి మాత్రము తేమ లేదు, నూక లేదు, తరుగు లేదు. ఏ తుపానులో మునిగినను దాని ధర తడియదు.

ఈ ఉత్సవమున కౌలురైతు పాత్ర విచిత్రమైనది. చేను ధర పెరిగినకొలది ఆసామికి దానిపై గౌరవము పెరుగును; ఆ గౌరవమును బస్తాలలో కొలిచి కౌలుదారు మక్తాగా చెల్లింపవలెను. 2011లో కోనసీమ రైతులు పంట విరామమని నాట్లు మానివేసినప్పుడు ఎల్లరును విస్తుపోయిరి. నేడు మా బ్రోకరు బోధించునదియు నదియే: నాట్లు మాని రాళ్లు పాతుడనుచున్నాడు. రాళ్లకు ఎరువక్కరలేదు, కలుపు లేదు, కోతమిషను బాడుగ లేదు.

ధాన్యాధిపతి శుభుడేనని సిద్ధాంతిగారు చెప్పినారు. చేలు పండినవి. ఎల్లుండి కోతమిషను వచ్చుచున్నది. గోనెసంచులు ఇంకను రాలేదు.