కందులు విసిరిన నేరం

ఏడో తరగతిలో మా ఇంగ్లీషు మాస్టారు ఒక వాక్యమిచ్చి అనువాదం చెయ్యమన్నారు: 'మా అమ్మ కందులు విసురుచున్నది.' ఇంత తేలికైనది ఇచ్చారేమిటా అనుకుంటూ 'మై మదర్ ఈజ్ త్రోయింగ్ రెడ్‌గ్రామ్' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చాను. మాస్టారు నా చెవి పట్టుకుని ఒక చుట్టు తిప్పారు.

"ఎవరి మీదికి విసురుతోందిరా? మీ నాన్న మీదికా?"

క్లాసంతా నవ్వింది. రెండు మార్కులు పోయాయి. ఇంటికొచ్చి చెబితే అమ్మ తిరగలి ఆపి, "ఆయనకెవరు చెప్పార్రా?" అంది.

మొన్నామధ్య అమెరికాలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లాం. "నాన్నా, శనివారాలు పాట్స్ త్రో చెయ్యడం నేర్చుకుంటున్నా" అంది. మా ఆవిడ కంగారుగా అల్లుడి నుదుటి వంక చూసింది. తీరా చూస్తే అది కుమ్మరిపని. సారె మీద మట్టిముద్ద పెట్టి, గిర్రున తిరుగుతుంటే కుండ లేపడాన్ని వాళ్లు 'త్రో' అంటారు. అందులో విసిరేదేమీ లేదు. ఉన్నదంతా తిప్పుడే.

నా చెవి జిల్లుమంది. ఆ రాత్రి నిఘంటువుల మీద పడ్డాను.

పాత ఇంగ్లీషులో ఈ మాట 'త్రావన్'. అర్థం తిప్పడం, మెలిపెట్టడం. దాని జర్మన్ చుట్టం 'డ్రేయెన్' ఈనాటికీ తిప్పుతూనే ఉంది. మెలేస్తే వచ్చే దారం, అంటే 'థ్రెడ్', అదే ఇంటి పిల్ల. మరి ఆ రోజుల్లో రాయి విసరాలంటే ఏమనేవారు? 'వెయోర్పన్' అనేవారు. ఆ మాటే ఇప్పుడు 'వార్ప్' అయి, వానకు తడిసిన తలుపు చెక్క వంకర తిరగడానికి పనికొస్తోంది! విసిరే మాట మెలితిరిగిపోయింది, మెలితిప్పే మాట 1300 ప్రాంతానికల్లా విసరడంలో స్థిరపడింది. బస్సు కదిలేలోగా ఒకరి సీట్లో ఒకరు కూర్చున్నట్టన్నమాట. నార్స్ వాళ్ల 'కాస్ట్' కూడా ఎక్కి మధ్యలో ఇరుక్కుంది.

ఇవన్నీ చాలవని మా మనవడు బూట్లు మూలకి గిరాటేస్తూ 'యీట్' అంటాడు. అమెరికన్ డయలెక్ట్ సొసైటీ 2018కి మేటి యాస మాటగా దాన్నే ఎన్నుకుంది. దాని భూతకాలం 'యీటెడ్' అనాలా, 'యోట్' అనాలా అని వాడు నన్నడిగాడు. చెవులు రెండూ మూసుకున్నాను.

మనమేం తక్కువ తిన్నామా? రాళ్లు రువ్వుతాం, చెత్త పారేస్తాం, నీళ్లు పారబోస్తాం, గొడుగులు పారేసుకుంటాం. బంతీ విసురుతాం, వలా విసురుతాం, కూర్చున్నచోటే కూర్చుని విసుర్రాయీ విసురుతాం. తిప్పడానికీ గిరాటెయ్యడానికీ కలిపి ఒకే మాట పెట్టుకుని హాయిగా ఉన్నాం, ఎవరి సీటూ మారకుండా.

అంటే లెక్కప్రకారం వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో మా అమ్మ ఆ తిరగలిని 'త్రో' చేస్తున్నట్టే. మాస్టారు నా చెవికి చేసిందీ అక్షరాలా అదే.

మాస్టారు ఇప్పుడు లేరు. ఇది చదివే ఇంగ్లీషు మాస్టార్లెవరైనా దయచేసి ఆ రెండు మార్కులూ కలిపించండి. చెవి సంగతి నేనెప్పుడో వదిలేశాను.