ఉయ్యూరు దాటని బండి

గుడివాడలో ఒక రైసుమిల్లు ఆసామికి మార్క్ త్రీ అంబాసిడర్ ఉండేది. 1489 సీసీ పెట్రోలు ఇంజను, 54 లీటర్ల ట్యాంకు. 1984 నాటికి బండి పాతబడింది గానీ దారిలో మొరాయించి ఎరగదు. కొన్ననాటి నుంచీ ఒకడే డ్రైవరు. ఏ చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో స్టీరింగు ముందు కూర్చునే చెప్పగలడు. మనిషి మితభాషి.

ఆసామికి లెక్క ముఖ్యం. డాష్‌బోర్డు అరలో ఒక డైరీ పెట్టుకున్నాడు. పోయించిన పెట్రోలు, మీటరు రీడింగు, వెళ్ళిన ఊరు అన్నీ తన చేత్తోనే రాసేవాడు. లీటరుకు పది కిలోమీటర్లు వచ్చేది. ఆ ఏడాది సంక్రాంతి వెళ్ళాక తొమ్మిదికి దిగింది. మాఘమాసంలో ఎనిమిదైంది.

డ్రైవరును ఏమీ అడగలేదు. బెజవాడ వెళ్ళినప్పుడు స్పేరు పార్టుల కొట్లో తాళం ఉన్న పెట్రోలు మూత కొన్నాడు. దానికి రెండు తాళంచెవులు. ఒకటి బీరువాలో పెట్టాడు. రెండోది మొలతాడుకు కట్టుకున్నాడు. ట్యాంకుకున్న పాత మూత తీసి డ్రైవరు చేతిలో పెట్టాడు.

"ఎక్కడన్నా పడెయ్" అన్నాడు.

డ్రైవరు చేతిలో ఉన్న మూత చూశాడు, ట్యాంకు మీది మూత చూశాడు. "అట్టాగేనండి" అన్నాడు.

వారం రోజులు ఇంటికీ మిల్లుకీ మధ్య తిరిగారు. ఏ ఇబ్బందీ లేదు. తర్వాత ట్యాంకు నిండా పోయించుకుని బెజవాడ బయల్దేరారు. పామర్రు దాటింది. ఉయ్యూరు రాబోతుండగా బండి కుదుపులు మొదలుపెట్టింది. యాక్సిలరేటరు తొక్కేకొద్దీ ఇంకా నీరసించింది. రోడ్డు పక్కకు తీసేలోపే ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతోంది, అంటుకోవడం లేదు.

చెరుకు లారీ డ్రైవరొకడు ఆగి, ఎండకు పైపులో పెట్రోలు ఆవిరైపోయి ఉంటుందన్నాడు. పంపు మీద తడిగుడ్డ వెయ్యమన్నాడు. కాలవలో తువ్వాలు తడిపి వేశారు. పది నిమిషాలకు బండి అంటుకుంది. తడిగుడ్డకు మన రోడ్ల మీద అంత పేరు రావడానికి ఆ పది నిమిషాలే కారణం. చాలా జబ్బుల్లో ఇంజను కాసేపు ఊరికే ఆగితే తేరుకుంటుంది, పేరు గుడ్డకు వస్తుంది.

కంకిపాడు దగ్గర మళ్ళీ ఆగింది. ఆసామి బానెట్ దగ్గర నిలబడి గుడ్డ మీద నీళ్ళు పోయించాడు. డ్రైవరు వెనక్కి వెళ్ళి ట్యాంకు పక్కన నిలబడ్డాడు.

గుడివాడ మెకానిక్కు ప్లగ్గులు విప్పాడు. నల్లగా మసి పట్టి ఉన్నాయి. కార్బురేటరు దించి కడిగి, అరిగిన జెట్టు మార్చాడు. పాయింట్ల గ్యాపు పదిహేను థౌకు పెట్టి, స్లో స్పీడు స్క్రూ సరిచేశాడు. షెడ్డులో గంటసేపు స్లోలో వదిలినా ఇంజను నిదానంగా ఆడుతూనే ఉంది. మళ్ళీ ట్యాంకు నింపుకుని బయల్దేరితే ఉయ్యూరు దగ్గర ఆగింది.

రెండో మెకానిక్కు కండెన్సరు, కాయిలు మార్చాడు. కాయిలు వేడెక్కితే కరెంటు ఇవ్వదన్నాడు. మూడోవాడు పంపు విప్పి కొత్త డయాఫ్రం వేశాడు. ఎవరి షెడ్డులో వారికి బండి బాగానే ఆడింది. ముగ్గురూ డబ్బులు తీసుకున్నారు.

ఆసామి ఇవన్నీ డైరీలో ఎక్కించాడు. 'ఫుల్ ట్యాంకు. ఉయ్యూరు ఇవతల ఆగింది.' 'పావు ట్యాంకు. బెజవాడ చేరింది.' 'ఫుల్ ట్యాంకు. ఆగింది.' పెట్రోలులో కల్తీ ఉందనుకుని బంకు మార్చాడు. కొత్త బంకులో నింపినా ఆగింది. ఒకటి మాత్రం బాగుపడింది. మైలేజి మళ్ళీ పదికి వచ్చింది. ఆ పేజీలో 'తాళం పనిచేసింది' అని రాసుకున్నాడు.

బావమరిది వచ్చినప్పుడు ఆ పేజీ చూపించాడు.

"ఇంకా తెలియలా బావా?" అన్నాడు బావమరిది. "తాళం పడ్డాక వాడికి పైరాబడి పోయింది. ఆ కడుపుమంటతో ఏదో చేస్తున్నాడు."

మర్నాడు డ్రైవరుకు లెక్క చూసి జీతం ఇచ్చేశాడు. ఎందుకని అతను అడగలేదు. బండి కడిగి, అద్దాలు తుడిచి, ఇంజను తాళంచెవి అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

కొత్త డ్రైవరు వచ్చాడు. ట్యాంకు నిండా పోయించి బయల్దేరారు. ఉయ్యూరు దగ్గర ఆగింది, కంకిపాడులో ఆగింది, పెనమలూరులోనూ ఆగింది. ఎలాగో బెజవాడ ఆటోనగర్‌కు చేర్చారు. అంబాసిడర్ల పని బాగా తెలిసినవాడని ఒక ముసలి మేస్త్రి పేరు చెబితే ఆయన షెడ్డు ముందు ఆపారు.

మేస్త్రి బానెట్ ఎత్తలేదు. స్టూలు మీద కూర్చుని అడగడం మొదలుపెట్టాడు.

"ఎక్కడ ఆగుద్దండీ?"

"ఉయ్యూరు దగ్గర."

"ప్రతిసారీనా?"

ఆసామి డైరీ ఇచ్చాడు. మడిచిపెట్టిన బిల్లులూ ఇచ్చాడు. మేస్త్రి కళ్ళజోడు పెట్టుకుని పేజీలు తిప్పాడు. బిల్లులు పక్కన పెట్టుకుని తారీకులు సరిచూశాడు.

"నిండా ఉంటే ఆగుద్ది, పావుంటే వచ్చుద్ది. ఇది మీరు రాసిందేనా?"

"నేనే. కల్తీ పెట్రోలనుకున్నా."

"కల్తీ అయితే పావు ట్యాంకున్నా ఆగాలి కదండీ. మూత తియ్యండి."

ఆసామి మొలలోంచి తాళంచెవి తీసి, వంగి, మూత తిప్పాడు. మూత వదులయిందో లేదో బుస్సుమని గాలి లోపలికి దూసుకుపోయింది. పక్క షెడ్డులో పనివాడు తలెత్తి చూశాడు. చప్పుడు ఆగలేదు. చివరికి లోపలికి లాక్కుపోయిన ట్యాంకు రేకు టక్కుమని యథాస్థానానికి వచ్చింది.

"పెట్రోలు పోయేకొద్దీ ఆ జాగాలోకి గాలి రావాలి" అన్నాడు మేస్త్రి. "రాకపోతే పంపు ఎంతసేపని లాగుద్ది? నిండు ట్యాంకులో గాలికి చోటు తక్కువ. మూడు లీటర్లు ఖర్చయ్యేసరికి బిగిసిపోద్ది. పావు ట్యాంకులో ఉన్న గాలే కొంచెం సాగి బెజవాడ దాకా సరిపోద్ది. బండి ఆపితే సందుల్లోంచి గాలి నెమ్మదిగా దూరుద్ది, మళ్ళీ అంటుకుంటది. పాత మూత ఉందా?"

"పారేయించాను."

కుర్రవాడు డిక్కీ తీసి వెతికాడు. స్టెప్నీ వెనక గుడ్డలో చుట్టి కట్టిన పొట్లం దొరికింది. విప్పితే పాత మూత. మసి గుడ్డ కాదు, ఉతికిన గుడ్డ. మూతకు తుప్పు చుక్క లేదు. రబ్బరు వాషరు ఎండిపోకుండా విడిగా కాగితంలో మడిచి ఉంది.

మేస్త్రి లోపలివైపు సూది మొనంత కన్నం చూపించాడు. పెదాలకు ఆనించి ఊదాడు. గాలి అవతలికి పోయింది. తాళం మూత తీసుకుని ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి గానీ గాలి పోలేదు.

పాత మూత బిగించి, ట్యాంకు నింపించి, గన్నవరం దాకా తోలుకెళ్ళి తీసుకొచ్చారు. బండి ఒక్క కుదుపైనా కుదపలేదు. షెడ్డు ముందు ఆపి స్లోలో వదిలితే హాయిగా ఆడుతోంది.

మేస్త్రి డైరీ తిరిగి ఇస్తూ ఒక పేజీ మీద వేలు పెట్టాడు. "ఇక్కడ తాళం పనిచేసిందని రాశారు. మైలేజి పెరిగింది జెట్టు మార్చిన రోజు నుంచండి. తాళం వేసిన వారం ఎనిమిదే ఉంది, చూడండి. పాత జెట్టు అరిగి ఎక్కువ తాగింది. ప్లగ్గుల మసి దానిదే."

ఆసామి చూశాడు. రెండు తారీకులూ తన చేతిరాతలోనే ఉన్నాయి.

"ఈ మూత దాచినాయన ఎవరండీ?" అన్నాడు మేస్త్రి.

"పాత డ్రైవరు."

"పని తెలిసినాయన" అని మేస్త్రి చేతులు కడుక్కోవడానికి లేచాడు.

గుడివాడ వచ్చాక ఆసామి ఇంటికి వెళ్ళలేదు. బండి స్టేషను దగ్గరి టాక్సీ స్టాండుకు పోనిమ్మన్నాడు. పాత డ్రైవరు ఎవరిదో టాక్సీ నడుపుతున్నాడు. ఆసామిని చూసి డోరు తీసుకుని దిగాడు. కళ్ళు ముందు అంబాసిడర్ వెనక భాగం మీదికి పోయాయి, ఆ తర్వాతే ఆసామి మీదికి వచ్చాయి.

"ఉయ్యూరు దగ్గర ఎందుకాగేదో నీకు తెలుసా?"

"తెలుసండి."

"ఎప్పట్నుంచి?"

"మొదటిసారి ఆగినప్పట్నుంచీ."

"మరి ఒక్క మాట చెప్పలేదేమయ్యా?"

డ్రైవరు కాసేపు ఊరుకున్నాడు.

"మూత తియ్యమని నేను అడిగుంటే, ఎందుకడుగుతున్నాననుకునేవారండీ?"