సముద్రానికి నట్టల మందు

హైదరాబాద్‌కు సముద్రం లేదన్నది పాత బాధ. హైటెక్ సిటీ పుట్టాక అది అవమానం కింద లెక్క. కేబుల్ బ్రిడ్జి కట్టుకున్నాం, దాని కింద దుర్గం చెరువుకు రంగుల లైట్లు వేసుకున్నాం, అయినా ఊరు మాత్రం సముద్ర మట్టానికి 500 మీటర్ల ఎత్తునే ఉండిపోయింది. ఉప్పునీళ్లు చూడాలంటే ఇప్పటికీ 300 కిలోమీటర్ల పైచిలుకు బండి తోలాలి. కొత్తిమీర కట్ట కూడా పది నిమిషాల్లో గుమ్మంలోకి వచ్చే చోట ఇది సహించరాని ఆలస్యం. అందుకే సముద్రాన్నే ఔటర్ రింగ్ రోడ్డు దాకా రప్పించాలన్న ఆలోచన పుట్టింది. హిమాయత్‌సాగర్ పక్కన కొత్వాల్‌గూడలో హెచ్‌ఎండీఏ ఆక్వా మెరైన్ పార్క్ తలపెట్టింది. దేశంలోకెల్లా పెద్దదన్నారు. ఈ ఊళ్లో ఏది కట్టినా దేశంలోకెల్లా పెద్దదే కనుక ఆ మాటకు ఎవరూ ఉలిక్కిపడలేదు. సినిమా రంగం వాళ్లు కొందరు మాత్రం ఉలిక్కిపడి హైకోర్టు మెట్లెక్కారు.

చేపలతో ఆగితే మనం మనమెందుకవుతాం? అసలు మోజు డాల్ఫిన్ మీద. దుబాయ్ డాల్ఫినేరియం పోయి, దానితో బుగ్గ మీద ముద్దు పెట్టించుకుని, ఫొటో దిగొచ్చినవాళ్లు గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రాంగూడ అపార్టుమెంట్లలో టవర్‌కు పదిమంది దొరుకుతారు. వీకెండ్‌లో క్లబ్‌హౌస్ దగ్గర కూర్చుంటే వాళ్ల వాదన ఉచితంగా వినొచ్చు. “ఎంత బాగా చూసుకుంటారో తెలుసా అండీ! టైముకు తిండి, ఫిల్టర్ నీళ్లు, సొంత డాక్టర్లు. అదే సముద్రంలో అయితే షార్కులు, ప్లాస్టిక్, పైగా ఊపిరితిత్తుల నిండా పురుగులే. ఇక్కడ ఒక్క పురుగుండదు. దానికి ఇంతకన్నా ఏం కావాలి?”

ఆ పురుగుల మాట అబద్ధం కాదు. దాన్ని కాదనే జంతు ప్రేమికుడు సముద్రాన్ని పోస్టర్‌లోనే చూసి ఉంటాడు. గొర్రెలకు ఏటా నట్టల మందు పట్టించే తెలంగాణ కాపరికి చెబితే వెంటనే అర్థం చేసుకుంటాడు. సముద్రపు క్షీరదాలకూ నట్టలున్నాయి, వాటిలో కొన్ని ఊపిరితిత్తుల్లోనే మకాం వేస్తాయి. హాలోసెర్కస్ అనే దారపు పురుగు డాల్ఫిన్ పిల్లకు కొన్నిసార్లు తల్లి కడుపులోనే సంక్రమిస్తుంది. పిల్ల మొదటి ఊపిరి పీల్చేనాటికే లోపల అద్దెకున్నవాళ్లుంటారు. ఉత్తర సముద్రాల్లో తిరిగే డాల్ఫిన్ దాయాదులు హార్బర్ పార్పస్‌ల శ్వాసనాళాల్లో సూడేలియస్ పురుగులు ముద్దలు ముద్దలుగా కనబడతాయి. నాసిట్రెమా అనే బల్లపరుపు పురుగు తలలోని గాలి గదుల్లో కాపురం పెడుతుంది. అది గానీ దాని గుడ్లు గానీ మెదడులోకి చొరబడితే ఆ డాల్ఫిన్ దిక్కు తోచక ఒడ్డుకు కొట్టుకురావచ్చు. సముద్రం స్వర్గమని ఎవరైనా రాస్తే, పార్పస్‌కు పోస్టుమార్టం చేసిన డాక్టర్ పక్కన అరగంట నిలబెట్టాలి.

ఇక ఆ పురుగు లేకుండా ఎలా చేశారన్నది చూద్దాం, ఎందుకంటే గొప్పంతా అక్కడే చెప్పుకుంటున్నారు. మెరైన్ పార్కుల్లో డాల్ఫిన్‌తో పాటు కనిపించే కాలిఫోర్నియా సీ లయన్‌నే తీసుకోండి. దాని ఊపిరితిత్తుల్లో పారాఫిలరాయిడ్స్ అనే పురుగు ఉంటుంది. పురుగు పిల్లలు దగ్గుతో గొంతులోకి వస్తాయి, మింగుడుపడి, పెంటలో కలిసి తీరపు రాళ్ల మధ్య నీళ్లలో పడతాయి. ఆ పెంటను ఓపల్ఐ అనే చేప తింటుంది. ఆ చేపను సీ లయన్ తింటుంది. పురుగు మళ్లీ ఇల్లు చేరుతుంది. మనకూ చేపకూ ఊపిరికీ చుట్టరికం ఉంది. మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో క్యూ కట్టి, ఉబ్బసం పోతుందని బతికున్న కొరమీను పిల్లను మింగే జనం మనం. మన దగ్గర రోగం పోవాలని చేపను మింగుతారు, అక్కడ చేపను మింగితే రోగం వస్తుంది. తేడా అంతే.

ఈ దారంతా సాగాలంటే ఒక తీరం కావాలి, రాళ్లు కావాలి, ఈదే చేప కావాలి, దాన్ని తరిమి పట్టుకునే ఓపిక గల సీ లయన్ కావాలి. మెరైన్ పార్కు చేసిందల్లా ఇందులో ఒక్కటీ మిగలకుండా చూడటం. తీరం తీసేసి కాంక్రీటు పోశారు. ఈదే చేపను తీసేసి గడ్డకట్టించిన హెర్రింగ్, కేపెలిన్ బకెట్లతో పెట్టారు. గడ్డకట్టిస్తే చేపలోని పురుగు పిల్లలు చస్తాయి, నిజమే. నిల్వలో విటమిన్లు కూడా తగ్గిపోతాయి కనుక చేప మొప్పల్లో మాత్రలు కుక్కి తినిపిస్తారు. డాల్ఫిన్‌కు ఒంట్లోకి నీళ్లు ప్రధానంగా తిండి నుంచే అందాలి. కరిగించిన చేపలో ఆ నీరు సరిపోదని చాలా చోట్ల జెలటిన్ ముక్కలు కూడా పెడతారు. ఇంత చేశాక పురుగు ఎందుకుంటుంది? సముద్రంతో పాటు అదీ పోయింది. దీన్నే మన క్లబ్‌హౌస్ మేధావి “మంచి మెయింటెనెన్స్” అంటున్నాడు.

పురుగు పోయిన ఊపిరితిత్తులు మరి నిండు నూరేళ్లు హాయిగా ఉన్నాయా? టిలికమ్ అనే ఓర్కా ఉండేది. 1983లో ఐస్‌లాండ్ దగ్గర పిల్లగా ఉన్నప్పుడు పట్టారు. ఆ తర్వాత బతుకంతా కొలనుల్లోనే గడిచింది. అమెరికాలో అంత పేరున్న పార్కు, అంతమంది డాక్టర్లు, అన్ని మందులు. 2017 జనవరిలో చనిపోయింది. కారణమని పార్కు వాళ్లే చెప్పింది బ్యాక్టీరియా వల్ల వచ్చిన న్యుమోనియా. ఇది ఒక్క టిలికమ్ తలరాత కాదు. తొట్టెల్లోని తిమింగల జాతుల చావుల జాబితా ఎక్కడ తీసినా న్యుమోనియా పైవరసల్లోనే ఉంటుంది. పురుగు ఖాళీ చేసిన గదిలోకి బ్యాక్టీరియా దిగుతుంది, అది కాకపోతే బూజు దిగుతుంది. అద్దె మాత్రం టికెట్ల రూపంలో యజమానికే.

కారణం డాల్ఫిన్ ఊపిరి తీరులోనే ఉంది. మనం మామూలుగా పీల్చినప్పుడు ఊపిరితిత్తుల్లోని గాలిలో చిన్న భాగమే మారుతుంది. డాల్ఫిన్ ఒక్క ఊపిరితో దాదాపు 80 శాతం మార్చేస్తుంది. మన ముక్కులో దుమ్మును ఆపే వెంట్రుకలు, వంకర ఎముకలు ఉంటాయి. దానికి తల మీద ఒక రంధ్రం, అక్కడి నుంచి సూటిగా లోపలికి. నడిసముద్రంలో ఆ ఏర్పాటుకు వంక పెట్టడానికి లేదు, గాలి అంత శుభ్రం. నాలుగు గోడల మధ్య, పైన కప్పు వేసి, నీళ్లలో క్లోరిన్ కలిపితే, ఆ వాయువులు పేరుకునేది సరిగ్గా నీటి పైపొర మీదే. డాల్ఫిన్ ముక్కు పెట్టేదీ అక్కడే. మన ఐటీ కారిడార్‌లో ఇంటింటా ఎయిర్ ప్యూరిఫయర్ కొనుక్కున్న పెద్దమనిషికి ఈ సంగతి విప్పి చెప్పాలా?

రోగం పట్టుకునే పద్ధతి కూడా మనకు తెలిసిందే. కొలను ఒడ్డున డాక్టరు డాల్ఫిన్ తల మీద గాజు పళ్లెం పట్టుకుని సైగ చేస్తాడు. డాల్ఫిన్ గట్టిగా ఊదుతుంది. పళ్లెంలో పడిన తుంపర్లలో నాసిట్రెమా గుడ్లున్నాయా, బూజు ఉందా అని మైక్రోస్కోపు కింద చూస్తారు. శనివారం రాత్రి మాదాపూర్‌లో సైబరాబాద్ పోలీసులు మన మూతి దగ్గర పెట్టే మిషన్ లాంటిదే. కాకపోతే మనల్ని తాగి బండి నడిపినందుకు ఊదిస్తారు, దాన్ని ఏ తప్పూ చేయకుండానే ఊదిస్తారు. ఊదాక మనం ఇంటికి పోవచ్చు.

“ఒక్క పురుగుండదు” అన్న మాటకు ఇంకో చిల్లు. చేప అవసరం లేకుండా ఒంటి నుంచి ఒంటికి పాకే జీవులూ ఉన్నాయి. సీ లయన్ ముక్కులో ఆర్థోహాలరాక్నే అనే మైట్లు ఉంటాయి. ఇరుకు చోట పక్కపక్కన పడుకునే జంతువులకు ఒకదాన్నుంచి ఇంకోదానికి తేలిగ్గా అంటుతాయి, తుమ్మితే వాటి పిల్లలు బయటపడతాయి. కాలిఫోర్నియాలో ఒకాయన మెరైన్ పార్కులో సీ లయన్లను చూసొచ్చాక కంట్లో నలత అని డాక్టర్ దగ్గరికి పోతే, కంటి నుంచి తీసింది ఈ మైట్ పిల్లనే. 1985లో పరాన్నజీవుల శాస్త్ర పత్రికలో ఆ కేసు అచ్చయింది. ముద్దు ఫొటోల ప్యాకేజీలో ఇది కాంప్లిమెంటరీ అని బ్రోషర్లో ఎక్కడా రాయరు.

మన దేశం ఈ మోజు రుచి చూడకపోలేదు. 1998లో ఇక్కడ వాజ్‌పేయి చేతుల మీదుగా సైబర్ టవర్స్ తలుపులు తెరుచుకున్నాయి. అదే ఏడు చెన్నై దగ్గర డాల్ఫిన్ సిటీ కోసం బల్గేరియా నుంచి డాల్ఫిన్లను తెప్పించారు. సైబర్ టవర్స్ ఇంకా నిలబడి ఉంది. డాల్ఫిన్లు కొన్ని నెలలకే పోయాయి. తర్వాత కొచ్చిలో, ముంబైలో, నోయిడాలో మళ్లీ కొలనులు కడతామని బయల్దేరినప్పుడు, 2013 మే 17న కేంద్ర జూ అథారిటీ ఉత్తర్వు ఇచ్చింది. దేశంలో ఎక్కడా డాల్ఫినేరియం పెట్టకూడదంది. చట్టం అడ్డుపడితే మనవాళ్లు విమానం ఎక్కుతారు. ఇక్కడ నేరమైంది అక్కడ హనీమూన్ ప్యాకేజీ.

ఊపిరి విషయంలో మన సొంత జూ కూడా ఒక పాఠం చెప్పింది. 2021 మేలో నెహ్రూ జూపార్కులో ఎనిమిది ఆసియా సింహాలకు కోవిడ్ ఉందని మన ఊళ్లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ తేల్చింది. అడవి నుంచి వచ్చిన జబ్బు కాదది, ముక్కు కారుతూ దగ్గిన ఆ సింహాలకు మనుషులే అంటించి ఉంటారు. అదృష్టం బాగుండి కోలుకున్నాయి. డాక్టర్లున్నారు, తిండి ఉంది, కంచె ఉంది. కంచె పులినీ సింహాన్నీ ఆపుతుంది, మన తుమ్మును ఆపదు.

చివరి వాదన ఒకటుంది, అన్నింటికన్నా ముద్దొచ్చేది. “పిల్లలకు ప్రకృతి మీద ప్రేమ కలగాలి కదా!” కలగాలి. 2025 మార్చి చివర్లో ఆ ప్రేమకు పరీక్ష పెట్టారు. ఐటీ పార్కుల కోసమని హైదరాబాద్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి జేసీబీలు దిగాయి. జింకలు, నెమళ్లు, నక్షత్ర తాబేళ్లు ఉన్న నేల అది. రాత్రిపూట నెమళ్లు అరుస్తున్న వీడియోలు దేశమంతా చూసింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేసరికే దాదాపు వంద ఎకరాల చెట్లు నేలకూలాయి. టికెట్ లేదు, గాజు గోడ లేదు, జెలటిన్ అక్కర్లేదు, పిల్లలకు ప్రకృతి ఆఫీసు వెనకాలే ఉండింది. దాన్ని దున్నేసి, సముద్రాన్ని లారీల్లో తెప్పిస్తామంటున్నాం. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని మన పెద్దలు ఊరికే అన్నారా?

అయినా మోజు తీరని వాళ్ల కోసం ఒక సూచన. దుబాయ్‌లో గానీ సింగపూర్‌లో గానీ, రేపు చట్టం మారితే మన ఔటర్ పక్కన గానీ, టికెట్ కౌంటర్ మీద ఒక బోర్డు పెట్టించండి. కొలనులో ఇంతవరకూ ఉన్న ప్రతి జంతువుకూ ఒక వరస. పేరు, పట్టుకున్న చోటు, పట్టుకున్న ఏడు, పోయిన ఏడు, పోస్టుమార్టంలో ఊపిరితిత్తుల దగ్గర రాసిన మాట. మన దేశంలో జూ నిబంధనల ప్రకారం చనిపోయిన జంతువుకు పోస్టుమార్టం ఎలాగూ చేయాలి, కాగితం ఎక్కడో ఫైల్లో ఉంటుంది కనుక పెద్ద ఖర్చేం కాదు. అక్షరాలు మాత్రం మెనూ బోర్డు అంత పెద్దవిగా ఉండాలి. మొత్తం చదివాక కూడా క్యూ వదలని వాళ్లకు ఫాస్ట్ ట్రాక్ పాస్ ఉచితంగా ఇవ్వండి. వాళ్ల ఊపిరితిత్తులు నిజంగానే గట్టివి.