‘ఉన్నతి’కి నిచ్చెనేదీ?

ఉపాధి హామీ కూలీలకు కొత్త పని నేర్పి, తట్టా పారా దించేయిస్తామంటూ కేంద్రం 2019 డిసెంబరులో ‘ఉన్నతి’ని మొదలెట్టింది. లక్ష్యం 2 లక్షల మంది. షరతు చిన్నదే: ఆ కూలీ కుటుంబం ముందు 100 రోజుల ఉపాధి పని పూర్తిచేసి ఉండాలన్నారు. దేశం సగటే 50 రోజుల చుట్టూ తిరుగుతుంటే ఆ వంద ఎక్కడ దొరికేది స్వామీ? అంటే, పని బాగా దొరికినవాడికే పని నేర్పుతామన్నారన్నమాట!

వయసేమో 18 నుంచి 45 ఉండాలన్నారు. తమిళనాడులోని వేలూరు జిల్లా గుడియాత్తంలో ఆకు కత్తిరించి, చిటికెడు పొగాకు పోసి, చుట్టి, దారం కట్టే బీడీల అక్కకు 46 వచ్చాయా, ఇక ఆమె నేర్చుకోవడానికి పనికిరాదు. వెయ్యి బీడీల లెక్కన కూలి పుచ్చుకునే ఆ వేళ్లకు నేర్పేదేముందో ఏలినవారికే ఎరుక.

2023 సెప్టెంబరు 15న తమిళనాడు సర్కారు అర్హులైన ఇల్లాళ్లకు నెలకు 1,000 రూపాయలు ఇవ్వడం మొదలెట్టగానే, ‘ఊరికే ఇస్తే సోమరులైపోరూ’ అని ఏసీ గదుల్లో ఒకటే శోకాలు. అయ్యా, ఒక్కపూట ఆ అక్క బీడీల చాట ఒళ్లో పెట్టుకుని కూర్చోండి. సాయంత్రానికి మీకు సర్టిఫికెట్ ఆ అక్కే ఇస్తుంది... ‘ఫెయిల్’ అని!